కిల్వా కిసివానీ దీవికి పర్మిట్: నా అనుభవం

టాంజానియాలోని కిల్వా కిసివానీ దీవిలో పాత పట్నపు శిథిలాలు చూడ్డానికి వెళ్లేవాళ్లు బస్సు గురించి, పడవ గురించి అడుగుతుంటారు. ముందు తెలుసుకోవాల్సింది ఫీజు ఎలా కట్టాలన్నది. చిరాకు ఇంకా తగ్గకముందే రాసేస్తున్నాను.

వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది, మనవాళ్లకు 50 డాలర్లు. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా ప్రయాణమైతే ఎల్లో ఫీవర్ కార్డు దగ్గరుంచుకోండి. టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి.

బస్సు దార్ ఎస్ సలామ్‌లోని మ్బగాలా నుంచి. సుమారు 300 కిలోమీటర్లు. టికెట్ మీద ‘కిల్వా మసోకో’ అని రాయించుకోండి, దీవికి పడవ ఎక్కే ఊరు అదే. కివింజే వేరే ఊరు, కిసివానీ దీవి. ఇంకా దక్షిణాన ఉన్న లిండీ, మ్త్వారా ఊళ్లకెళ్లే బస్సయితే నాంగురుకురు కూడలిలో దింపేస్తుంది, అక్కడ వ్యాన్ మారాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అప్పుడు మాత్రం వద్దు. 2024 మేలో హిదాయ తుఫానుకు సోమాంగా దగ్గర ఈ రోడ్డే తెగిపోయింది.

ఇక పర్మిట్. దాన్ని మసోకోలోనే తీసుకుని, గైడ్‌ను వెంటబెట్టుకుని పడవ ఎక్కాలి. కౌంటర్‌లో నోట్లు పెడితే వెనక్కి తోసేశారు. ‘కంట్రోల్ నంబర్’ అని ఒక్క మాట, చేతిలో ఒక చీటీ, అంతే. వెనకున్న మనిషిని పిలిచేశారు. సరైన డబ్బు చేతిలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా, ఏదో తప్పు చేసినట్టు పక్కకు జరగాల్సి వచ్చింది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు రెండు నిమిషాలు వివరిస్తే ఏం పోతుంది?

అసలు సంగతి ఇదీ. అక్కడ ప్రభుత్వ రుసుములకు నగదు తీసుకోరు. మీ పేరు మీద ఒక బిల్లు తయారవుతుంది, దానికి 99తో మొదలయ్యే 12 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు మీద బ్యాంకులోనో, మొబైల్ మనీలోనో కట్టాలి. సొమ్ము జమైనట్టు ఆఫీసు కంప్యూటర్‌లో కనబడ్డాకే పర్మిట్ ఇస్తారు. ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ పనికిరావు. ఎయిర్‌టెల్ మనీ అక్కడా ఉంది కానీ మన ఎయిర్‌టెల్ సిమ్‌తో నడవదు. అక్కడి సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు, వేలిముద్ర కావాలి. ఆ పని దార్‌లోనే ముగించుకోండి. డబ్బు కట్టడానికి ఫోన్‌లో నొక్కాల్సిన కోడ్‌లు: వొడాకామ్ కంపెనీ సిమ్‌లో వాళ్ల మొబైల్ మనీ ఎం-పెసా కోసం *150*00#, ఎయిర్‌టెల్‌లో *150*60#.

సిమ్ లేకపోతే వకాలా దగ్గరికి వెళ్లండి. మొబైల్ మనీ, బ్యాంకు లావాదేవీలు చేసిపెట్టే చిన్న కొట్లవి, ప్రతి వీధిలోనూ ఉంటాయి. షిల్లింగులిస్తే వాళ్ల ఖాతాలోంచి కట్టేస్తారు. అంకెలు మీరే చదివి సరిచూడండి, ఒక్కటి తప్పినా కట్టడం కుదరదు. నెట్‌వర్క్ పోతే మెసేజ్ వచ్చేదాకా కొట్టు వదలొద్దు. చీటీకి గడువుంటుంది, దాటితే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకే ముందురోజు, అదీ పనిదినాన, కట్టేయండి. ఆదివారం బ్యాంకు ఉండదు.

రేవులో ‘రసీదు ఎందుకు, నేరుగా తీసుకెళ్తా’ అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. 1981లో యునెస్కో జాబితాకెక్కిన ఈ శిథిలాలు 2004 నుంచి 2014 దాకా ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో గడిపాయి. వాటిని చూడ్డానికి వెళ్తూ రుసుము ఎగ్గొట్టడం న్యాయం కాదు.

పడవవాళ్లతో టైము మాట్లాడేటప్పుడు జాగ్రత్త. అక్కడి గడియారం పొద్దున ఆరు నుంచి మొదలవుతుంది, వాళ్ల ‘రెండు’ అంటే మన ఎనిమిది. పోటు ఎప్పుడో కూడా అడగండి. నీళ్లు తీసినప్పుడు పడవ ఒడ్డు దాకా రాదు, మోకాళ్ల లోతులో నడవాలి. అడుగున పగడపు రాళ్లుంటాయి, తడిసినా పాడవని చెప్పులు వేసుకోండి.

దిగగానే గెరెజా కోట. పోర్చుగీసువాళ్లు 1505లో కట్టారు, ఒమానీలు తర్వాత మళ్లీ కట్టారు. ఆ వెనక పెద్ద మసీదు, పగడపు రాయి, సున్నంతో కట్టిన గుమ్మటాలు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1331లో ఈ పట్నానికి వచ్చాడు. చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతారు, అది అన్యాయం. తూర్పుగా నడిస్తే హుసునీ కుబ్వా వస్తుంది. 14వ శతాబ్దపు రాజభవనం, సముద్రం మీది గట్టున వందకు పైగా గదులు, ఎనిమిది పలకల కొలను. ఇప్పటి మొజాంబిక్‌లోని సొఫాలా రేవు బంగారం వ్యాపారంతో వచ్చిన సంపద ఎంతటిదో అక్కడే తెలుస్తుంది. దారిలో నీడ తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి.

సోంగో మ్నారా కూడా అదే యునెస్కో గుర్తింపులో ఉంది కానీ వేరే దీవి, ఇంకా దూరం. దానికి వేరే రోజు పెట్టుకోండి, బిల్లు మాత్రం ఈ చీటీతో పాటే వేయించుకోవచ్చేమో కౌంటర్‌లోనే అడగండి.