సియాటిల్ వానలో పికిల్‌బాల్

సియాటిల్‌లో అక్టోబర్ వచ్చిందంటే బయట కోర్టుల్లో పికిల్‌బాల్ (పాడిల్ అనే గట్టి బ్యాట్‌తో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతితో చిన్న కోర్టులో ఆడే టెన్నిస్ లాంటి ఆట) చాలావరకు ఆగిపోయినట్టే. ఇక్కడిది కుండపోత కాదు, రోజంతా సన్నటి జల్లు, దాంతో కోర్టు ఆరదు, గీతల మీద అడుగు వేస్తే జారుతుంది, తడిసిన బంతి సరిగ్గా లేవదు. అందుకే చలికాలమంతా నాకు దిక్కు కమ్యూనిటీ సెంటర్ల జిమ్‌లే. బాస్కెట్‌బాల్ ఫ్లోర్ మీదే పికిల్‌బాల్ గీతలు కూడా ఉంటాయి, వచ్చినవాళ్లంతా కలిసి నెట్‌లు బిగిస్తారు, పాడిల్స్ వరుసలో పెట్టి వంతు కోసం ఆగే ఆ కాసేపట్లోనే నాకు ఈ ఊళ్లో మంచి స్నేహాలు కుదిరాయి. పొద్దున పూట రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లతో ఆడితే డింక్ షాట్ (నెట్ దగ్గర నుంచి బంతిని మెల్లగా అవతలికి వేయడం) ఎంత బాగా వస్తుందో!

కొత్తవాళ్లకు ఒక మాట, ఇండోర్ బంతికి మామూలుగా 26 పెద్ద రంధ్రాలుంటాయి, బయట ఆడేదానికి 40 చిన్నవి, చూసి కొనుక్కోండి.

ఎండ కాసిందా, గ్రీన్ లేక్ కోర్టులున్నాయి, తీరిక ఉంటే ఫెర్రీ ఎక్కి బైన్‌బ్రిడ్జ్ ఐలాండ్ వెళ్లండి. 1965లో ఈ ఆట పుట్టింది అక్కడే, బ్యాటిల్ పాయింట్ పార్క్‌లో మంచి కోర్టులు కట్టారు. 2022లో వాషింగ్టన్ దీన్ని రాష్ట్ర క్రీడ చేసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. రెడ్మండ్, బెల్వ్యూ వైపు మనవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఈ శనివారం కలిసి ఆడదాం.