వడ్రంగి షాపుకి మిషన్ లోన్: ముద్ర తీసుకున్న నా అనుభవం

ముద్ర (చిన్న వ్యాపారాలకి తాకట్టు లేకుండా బ్యాంకుల ద్వారా ఇప్పించే ప్రభుత్వ పథకం) లోన్ డబ్బులు మిషన్ల డీలర్ అకౌంట్‌లో పడ్డాయని నిన్న మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. వెంటనే రాస్తున్నా. నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారిపోయి "అంతా బాగానే జరిగింది" అని రాసేస్తా, దానివల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

నాది ఖమ్మంలో కార్పెంటర్ షాపు. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు చేస్తాం. పని విషయంలో నాకు వంక పెట్టేవాళ్లు లేరు, అయిదేళ్ల కింద పెట్టిన షట్టర్ ఈరోజుకీ చప్పుడు లేకుండా పడుతుంది. కానీ ఇప్పుడు కస్టమర్లు అంచు చూస్తున్నారు. చేత్తో గమ్ము రాసి అంటించిన పట్టీకి, మిషన్ మీద అంటించిన పట్టీకి తేడా వాళ్లకి తెలిసిపోయింది. అందుకే షీట్లు కోసే ప్యానెల్ సా, అంచుకి పట్టీ అంటించే చిన్న ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్, పొట్టు లాగే డస్ట్ కలెక్టర్ మూడూ కలిపి కొటేషన్ తీసుకున్నా. జీఎస్టీతో 4,75,000. చిట్టీ పాడుకున్న డబ్బులు 95 వేలు ఉన్నాయి, ఇంకా 3,80,000 కావాలి.

డైలీ ఫైనాన్స్ జోలికి అస్సలు పోలేదు. పదివేలు అని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి, చూడ్డానికి వెయ్యే కదా అనిపిస్తుంది గానీ ఏడాది లెక్కన డెబ్బై అయిదు శాతం దాటుతుంది. ప్లైవుడ్ షాపుల ముందు బండి మీద తిరుగుతూ వసూలు చేసుకునేవాళ్లకి మన కష్టం అంతా ధారపోసినట్టే.

చేతివృత్తుల వాళ్లకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీమ్ చూశా, అందులో వడ్రంగులు ఉన్నారు, వడ్డీ 5 శాతమే. కానీ మొదటి విడత లక్షే ఇస్తారు, అది 18 నెలల్లో తీర్చాకే రెండో విడత 2 లక్షలు. నా మిషన్లకి సరిపోదు. కొత్తగా పని మొదలుపెట్టే తమ్ముళ్లు మాత్రం ముందు అదే తీసుకోండి, టూల్ కిట్‌కి 15 వేల ఓచర్ కూడా ఉంది. ముద్ర నడుస్తుండగా వెళ్తే విశ్వకర్మ ఇవ్వరు కాబట్టి వరస చూసుకోండి.

మధ్యలో ఒక ఏజెంట్ తగిలాడు. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్కీమ్‌లో 35 శాతం సబ్సిడీ ఇప్పిస్తా, ముందు పదిహేను వేలు ఇవ్వమన్నాడు. ఆ స్కీమ్ కొత్తగా పెట్టే యూనిట్లకి, నాది ఏళ్లుగా నడుస్తున్న షాపు. ఆ మాట అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం అన్నా" అన్నాడు. అక్కడే నమస్కారం పెట్టి పంపించేశా.

తర్వాత ఒక ఫైనాన్స్ కంపెనీ అబ్బాయి షాపుకే వచ్చాడు. రూపాయి వడ్డీ, మూడేళ్లు, రెండు రోజుల్లో డబ్బులు. రూపాయి వడ్డీ అంటే మనకి ఊళ్లో అలవాటైన మాట కదా, చవక అనిపిస్తుంది. ఊళ్లో అయితే అసలు మన దగ్గరే ఉంటుంది, వడ్డీ మాత్రం కడుతుంటాం. వీళ్లకి నెలనెలా అసలు కూడా తిరిగి ఇచ్చేస్తుంటాం, అయినా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 3,80,000 మీదే వేస్తారు. దీన్నే ఫ్లాట్ అంటారు. లెక్క చేశా: మూడేళ్లకి వడ్డీ 1,36,800. అదే మిగిలిన అసలు మీద మాత్రమే వడ్డీ వేసే (దీన్ని రెడ్యూసింగ్ అంటారు) 11.5 శాతం బ్యాంకు లోన్ అయితే మూడేళ్లకి 71 వేల చిల్లర. అంటే వాళ్ల రూపాయి వడ్డీ బ్యాంకు లెక్కలో 21 శాతం పైమాట! దానికి తోడు మూడు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. ఆ అబ్బాయిని తప్పు పట్టను, వాడి టార్గెట్ వాడిది. ఎవరు లోన్ ఇస్తానన్నా వడ్డీ శాతం అడక్కండి, "ఫ్లాటా, రెడ్యూసింగా? మొత్తం ఎన్ని రూపాయలు కడతాను?" అని అడగండి.

ఇక అసలు కథ బ్యాంకు. నా సేవింగ్స్ అకౌంట్ ఏళ్లుగా ఉన్న బ్రాంచికే వెళ్లా. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్), రెండేళ్ల ఐటీ రిటర్న్స్, ఏడాది స్టేట్‌మెంట్, షాపు అద్దె అగ్రిమెంట్, కొటేషన్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లా. మేనేజర్ గారు ఫైల్ తెరవలేదు. "ఏం చేస్తావు?" అన్నారు. కార్పెంటర్ వర్క్ సార్ అన్నా. "ప్లాట్ ఏమైనా ఉందా? లేకపోతే గవర్నమెంట్ ఉద్యోగిని షూరిటీ తీసుకురా." ముద్రకి తాకట్టు అక్కర్లేదు కదా సార్ అని మర్యాదగానే అడిగా. అంతే, "రూల్స్ నువ్వు నాకు చెప్తావా?" అని హాల్లో అందరికీ వినపడేలా అరిచారు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. నా వెనక లైన్లో నా కస్టమర్ ఒకాయన ఉన్నారు, ఆయన ఇంట్లో కిచెన్ నేనే చేశా. ఆయన చూపు తిప్పుకున్నారు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అయినా వదల్లేదు. కొన్నాళ్లకి అదే బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ ఒకాయన షాపుకి వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పు కొసతో పొట్టు పక్కకి తోసి "ఇక్కడ ఏముంది? రేపు నువ్వు కట్టకపోతే ఈ పొట్టు అమ్ముకోవాలా మేము?" అన్నారు. నా దగ్గర పనిచేసే పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. ఒకడు రందా ఆపేసి తల దించుకున్నాడు. లక్షన్నర ప్లైవుడ్, సగం అయిన రెండు కిచెన్లు ఆయన కళ్ల ముందే ఉన్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ "ఏడాదికి నలభై వేల ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి చెయ్యి, సార్‌తో నేను మాట్లాడతా" అన్నారు.

చేతిపని చేసేవాడంటే ఎందుకంత చులకన? వాళ్లు కూర్చున్న టేబులు, ఆ కౌంటరు, మేనేజర్ గది తలుపు, అన్నీ మాలాంటి వాళ్ల చేతుల్లోంచి వచ్చినవే కదా. లోన్ ఇవ్వకపోవడం వాళ్ల హక్కు, కాదనను. మనిషిని నిలబెట్టి మాట్లాడటం హక్కు కాదు.

మళ్లీ వెళ్లి ఒకటే అడిగా: "ఇవ్వలేమని కారణంతో కాగితం మీద రాసివ్వండి సార్." అప్పుడు గొంతు మారింది. ఎందుకంటే దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వాలి, కాదంటే కారణం రాసివ్వాలి అని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. చిన్న యూనిట్లకి ఈపాటి లోన్‌కి తాకట్టు అడగకూడదని కూడా ఉంది. రాసివ్వలేదు, "చూద్దాం లే" అన్నారు. ఆ బ్యాంకు రీజినల్ ఆఫీసుకి తేదీలతో సహా మెయిల్ పెట్టా. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగ్గా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448 కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెప్తారు. ఆ పాలసీ మాట మీద నేను తప్పకుండా ఫిర్యాదు పెడతా.

ఈలోపు ప్రభుత్వ స్కీమ్ లోన్లకి ఆన్‌లైన్‌లో అప్లై చేసే జన్ సమర్థ్ పోర్టల్‌లో అప్లై చేసి ఇంకో ప్రభుత్వ బ్యాంకు బ్రాంచి ఎంచుకున్నా. అక్కడ ఫీల్డ్ ఆఫీసర్ ఒక మేడమ్. షాపుకి వచ్చి స్టూల్ మీద కూర్చుని, తయారైన షట్టర్ అంచు మీద వేలు రాసి చూసి "ఒక కిచెన్‌కి ఈ పట్టీలు చేత్తో అంటించడానికి ఎన్ని రోజులు పడుతుంది? మిషన్ వస్తే ఎన్ని?" అని అడిగారు. మూడు రోజుల పని పూటలో అయిపోతుంది మేడమ్ అన్నా. నెలకి ఎన్ని కిచెన్లు ఎక్కువ చేయగలవో రాసుకున్నారు, ఫోన్‌పేలో వచ్చిన పేమెంట్లు నా బిల్లు బుక్కుతో సరిచూశారు. అంతే. ముద్రలోని కిషోర్ కేటగిరీలో 3,80,000 శాంక్షన్, అయిదేళ్లు, 11.5 శాతం, నెలకి 8,357. తాకట్టు లేదు, షూరిటీ లేదు. అవే కాగితాలు, అదే మనిషిని, అదే పొట్టు.

సంతకాల రోజు ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

అప్లై చేసేవాళ్లకి రెండు మూడు మాటలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, నెట్ సెంటర్‌లో వెయ్యి, రెండు వేలు ఇవ్వకండి, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అవుతుంది. సిబిల్ రిపోర్టు (మన పాత అప్పులు ఎలా కట్టామో చూపేది) ఏడాదికి ఒకసారి ఫ్రీగా వస్తుంది, బ్యాంకుకి వెళ్లకముందే చూసుకోండి. సంతకం పెట్టేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి, అన్ని ఖర్చులూ కలిపిన వడ్డీ శాతం అందులో ఉంటుంది, ఇన్సూరెన్స్ ఏదైనా దూర్చారేమో అక్కడే తెలిసిపోతుంది. ఈఎమ్ఐ తేదీ పదో తారీకు తర్వాత పెట్టించుకోండి, మన కస్టమర్లు జీతాలు పడ్డాకే బ్యాలెన్స్ ఇస్తారు.

ఇంకోటి, మిషన్ కొనే ముందు త్రీ ఫేజ్ కావాలో వద్దో డీలర్‌ని అడిగి, కావాలంటే కరెంటు కనెక్షన్‌కి ముందే అప్లై చేసుకోండి. నాది లోన్ ఫైల్ తిరుగుతున్నప్పుడే చేయించేశా, సోమవారం మిషన్ దిగగానే బిగించేస్తాం, రోటరీనగర్ కిచెన్ దానిమీదే మొదలుపెడుతున్నా.