గోడ దగ్గర రెండు నిమిషాలు

పక్క మీద వాలిన పది నిమిషాలకి పిక్కల్లో మొదలయ్యేది. ఎముకకి ఆనుకుని లోపలెక్కడో ఏదో పాకుతున్నట్టు, ఎవరో నరం పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టు ఉండేది. కాలు కదిపితే ఆగేది, ఊరుకుంటే మళ్లీ మొదలు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగితే ప్రాణం కుదుటపడేది, పడుకుంటే కథ మళ్లీ మొదటికే. ఒంటిగంట దాకా ఇదే వరస. తెల్లారేసరికి ఏమీ ఉండదు. అందుకే ఎవరికి చెప్పినా "అలసిపోయావు, కాస్త కాళ్లు పట్టించుకో" అనేవారు. పగలు కనిపించని జబ్బు రాత్రి ఎక్కణ్నించి వస్తుందని నాకే అనుమానం వచ్చేది.

రెండేళ్లు అలా గడిచాక నరాల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ అడిగినవి నాలుగే ప్రశ్నలు. కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నారా? కదలకుండా ఉన్నప్పుడే వస్తుందా? కదిపితే తగ్గుతుందా? సాయంత్రం నుంచి పెరుగుతుందా? నాలుగింటికీ అవునన్నాను. "రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్" అన్నారు, అంటే కాళ్లని ఊరుకోనివ్వని జబ్బు. స్వీడన్ డాక్టరు ఎక్‌బామ్ 1945లోనే దీన్ని వివరంగా రాశారని చెప్పారు. అక్కడే కన్నీళ్లొచ్చాయి. ఇన్నాళ్లూ నేను ఊహించుకోలేదన్నమాట.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మాత్రం 22. ఈ జబ్బులో 75 దాకా ఉన్నా ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తామన్నారు. మెదడుకి ఇనుము చాలకపోతే మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం పని గాడి తప్పుతుందట. నిద్ర పట్టడానికని నేను అప్పుడప్పుడూ వేసుకునే మగత తెప్పించే ఎలర్జీ మాత్ర దీన్ని ఇంకా పెంచే రకం. అది ఆ రోజుతో మానేశాను. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి, వాటితోపాటు వ్యాయామం చేయమన్నారు.

ఇక్కడ నేను తప్పు చేశాను. ఒళ్లు అలిసిపోతే మొద్దునిద్ర పడుతుందనుకుని, రాత్రి తొమ్మిదింటికి ఆయాసం వచ్చేదాకా పరిగెత్తాను. ఆ రాత్రి పడ్డ యాతన ఇంతా అంతా కాదు, మూడింటిదాకా నడుస్తూనే ఉన్నాను. ఇంకో రెండుసార్లు అలాగే చేస్తేగానీ బుద్ధి రాలేదు. అసలు కదలకపోయినా బాధే, మితిమీరినా బాధే.

తర్వాత సాయంత్రం పెందలాడే, వారానికి మూడు రోజులు, అరగంటసేపు చురుగ్గా నడక. అది అయ్యాక కుర్చీ పట్టుకుని మడమలెత్తి దించడం, సగం గుంజీళ్లు. అంతే. మొదటి మూడు వారాలు పెద్ద తేడా లేదు. మానేద్దామనిపించిన రోజులున్నాయి. ఆరో వారంలో ఒక పొద్దున లేచాక, రాత్రి ఎప్పుడు నిద్రపోయానో గుర్తు రాలేదు. ఐరన్ వల్లో నడక వల్లో విడదీసి చెప్పలేను, రెండూ ఆపలేదు.

పడుకోబోయే ముందు చేసేది మాత్రం నాకు ప్రాణం. గోడకి రెండు అరచేతులూ ఆనించి, కుడికాలు వెనక్కి పెడతాను. మోకాలు వంచకుండా, మడమ నేల విడవకుండా మెల్లగా ముందుకి వాలతాను. పిక్క పైభాగం పట్టీలా బిగుస్తుంది. ముప్పై లెక్కపెట్టి, అలాగే ఉండి మోకాలు కొద్దిగా వంచితే ఆ లాగుడు కిందికి, మడమకి కాస్త పైభాగం దగ్గరికి దిగుతుంది. నా బాధ ఉండే చోటు సరిగ్గా అదే. ఊపిరి బిగపట్టకూడదు, ఊగకూడదు, నొప్పి పుట్టేదాకా లాగకూడదు. తర్వాత ఎడమకాలు. పక్క మీద పడుకున్నాక తువ్వాలు పాదానికి చుట్టి, కాలు నిటారుగా ఎత్తి తొడ వెనక భాగాన్ని సాగదీస్తాను.

పూర్తిగా పోలేదు. ఎక్కువసేపు కూర్చుని ప్రయాణం చేసిన రోజునా, సాయంత్రం కాఫీ తాగిన రోజునా మళ్లీ పలకరిస్తుంది. అప్పుడు మంచం మీద పొర్లుతూ పోట్లాడను. లేచి చీకట్లోనే గోడ తడుముకుని నిలబడతాను. చాలాసార్లు రెండోకాలు అయ్యేసరికే ఆవలింత వస్తుంది.