ఆరు దాటాక

2025 ఏప్రిల్ 29, మంగళవారం. పర్లాకిమిడి.

పొద్దున్న నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. అలారం పెట్టింది ఐదున్నరకి. తొడ మీద ఫోను గుర్రుమన్నట్టు అనిపించి చెయ్యి పెట్టి తడుముకున్నాను. లుంగీకి జేబెక్కడిది? ఫోను హాల్లో టీవీ పక్కన ఛార్జింగులో ఉంది. నమ్మకం కుదరక లేచి వెళ్లి చూశాను కూడా. ఏమీ లేదు.

"మళ్లీ మోగిందా?" అంది మా ఆవిడ, కళ్లు తెరవకుండానే.

"మోగలేదు."

"అదే అడుగుతున్నా. మోగకుండా మోగిందా అని."

నెల రోజులుగా ఇదే వరస. ఇక పడుకున్నా నిద్ర పట్టదని తెలుసు. పెరట్లో కూర్చుని ఇవాళ ఎవరెవరు కట్టరో మనసులో లెక్క వేసుకున్నాను. దేవుడి నామం చదువుకునే వేళకి నేను ఓవర్‌డ్యూ లిస్టు చదువుకుంటున్నాను.

నేను చేసేది చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగం. పదకొండో ఏడు. సొంతూరు పాతపట్నం పక్కన, పని మాత్రం ఇవతల ఒడిశా గజపతి జిల్లాలో. ఊరి పేర్లు ఒడియాలో రాయాలి, బతిమాలడం తెలుగులో చెయ్యాలి, తిట్లు తినేటప్పుడు హిందీ.

ఏడింటికి కాశీనగర్ రోడ్డులో మొదటి సెంటరు, అంటే గ్రూపు వాళ్లంతా కలిసి వాయిదాలు కట్టే చోటు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు. ఈ రోజుల్లో అక్కడ జీడితోటల పని. పండ్ల పులుపు వాసన రోడ్డు మీదకే కొడుతుంది. జీడిసొన తగిలి చేతులు నల్లబడిన వాళ్లు ఆ చేతులతోనే నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. నోటు మీద మరక పడితే మా క్యాషియరు విసుక్కుంటాడు. ఇవాళ డిమాండ్ 21,600, వచ్చింది 15,600. అయిదుగురు రాలేదు. గ్రూపులో ఒకరు కట్టకపోతే తక్కినవాళ్లు సర్దాలి. ఆ పద్ధతి మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. కానీ ఎవరు సర్దుతారు? ఈ నెల నుంచి ఒక మనిషికి మూడు సంస్థలకు మించి అప్పు ఇవ్వకూడదని పెట్టారు. మంచి రూలే. కాకపోతే నాలుగో చోట తెచ్చి మొదటి చోట కడుతున్న వాళ్లందరికీ ఒక్కసారిగా దారి మూసుకుపోయింది. ఆ మూసుకుపోయిన దారి చివర నేను నిలబడి ఉంటాను, చేతిలో ట్యాబుతో.

నేను ట్యాబు చూసుకుంటూ, తల ఎత్తకుండా, "ఆ థర్టీ ప్లస్ ఇవాళ కూడా రాలేదా?" అన్నాను.

ఎవరూ పలకలేదు. అప్పుడు ముందు వరసలో ఉన్న పెద్దావిడ, "థర్టీ ప్లస్ ఏంటి బాబూ? మా మరదలికి పేరుంది" అంది.

కోపంగా అనలేదు. పిల్లాడికి అక్షరం దిద్దించినట్టు అంది. ఆ పేరు కూడా చెప్పింది. మూడేళ్లుగా నేను అప్పిచ్చిన మనిషి. ఇల్లు చూసి, ఆధార్ చూసి, మేక ఈనిందంటే ఫొటో తీసి ఆఫీసుకి పంపినవాణ్ని నేనే. గడువు దాటి ముప్పై రోజులు అయ్యేసరికి నా నోట్లో ఆవిడ పేరు పోయి అంకె మిగిలింది. పేరు ఇక్కడ రాయను. రాత్రయింది, నాకు ఇంకా గుర్తుంది.

లేచి వస్తుంటే అదే పెద్దావిడ గ్లాసుడు చోడంబలి, అదే రాగి అంబలి, చేతిలో పెట్టింది. "ముఖం పీక్కుపోయింది, తాగి వెళ్లు" అంది. నా బాకీదారు నన్ను చూసి జాలిపడుతోంది. తాగేశాను.

రెండో సెంటరు కొండ మీద సవర గిరిజనుల ఊరు. ఇది మొన్నటిదాకా నాది కాదు, మా బ్రాంచిలో పనిచేసిన కుర్రాడిది. వాడి సంగతి తర్వాత. అక్కడి ఆడవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే, రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష పట్టుబట్టి నేర్చుకుని నిఘంటువే రాశారు. వంద ఏళ్లు దాటాక అదే కొండలకి వెళ్తున్న నాకు వాళ్ల మాటల్లో వచ్చింది ఒక్కటే, 'రేపు'. "రేపు కడతాం" అని పదిసార్లు వింటే ఏ భాషైనా వస్తుంది.

కుర్రాడి సంగతి. ఇరవై రెండేళ్లు, గుణుపురం వైపు. బ్రాంచి పైన గదిలో ఉండేవాడు. శనివారం రాత్రి క్యాష్ పైసా తేడా లేకుండా అప్పజెప్పి, ట్యాబు, బండి తాళం, ఐడీ కార్డు బల్ల మీద వరసగా పెట్టి, ఆదివారం తెల్లవారుజామున వెళ్లిపోయాడు. 'మా అమ్మ దగ్గరికి పోతున్నాను' అని చీటీ. ఇవాళ్టితో మూడు రోజులు. పై ఆఫీసు నుంచి మెయిలొచ్చింది, వాడి పేరు పక్కన 'అబ్‌స్కాండింగ్' అని. అంటే పరారీ. రూపాయి ముట్టుకోకుండా, ఎక్కడికి పోతున్నాడో చెప్పి మరీ పోయినవాడు పరారీ! వాడి ఏడు సెంటర్లు నాకు వచ్చాయి.

మధ్యాహ్నం చింతచెట్టు కింద బండి ఆపి ఒక పని చేశాను. రాయాలా వద్దా అని ఇంతసేపూ తటపటాయించాను, రాసేస్తున్నా.

పోయిన నెల ఛాతీ పట్టేసినట్టుంటే శ్రీకాకుళం వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. ఈసీజీ బాగానే ఉంది. ఆయన నిద్ర గురించి, పని గంటల గురించి అడిగి, ఒకసారి మనసు డాక్టరుకి కూడా చూపించుకోమన్నాడు. "నాకేం పిచ్చా అండీ?" అన్నాను. ఆయన నవ్వి, చీటీ వెనకాల 14416 అని రాసిచ్చాడు. టెలిమానస్. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ సర్వీసట, రాత్రీ పగలూ ఉంటుందట. ఆ చీటీ పర్సులో పెట్టుకుని నెల తిరిగాను. నా దగ్గర అప్పు తీసుకున్న వాళ్లు నన్ను చూస్తే పక్క సందులోకి తప్పుకుంటారు చూడండి, నేనూ ఆ నంబరుని చూసి అలాగే తప్పుకున్నాను.

ఇవాళ ఆ పెద్దావిడ మాట తర్వాత చేశాను. తెలుగు కావాలని నొక్కితే ఒకావిడ మాట్లాడింది. తిండి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడిగింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా మామూలు గొంతుతోనే అడిగింది. లేదండి అన్నాను. కాసేపాగి, "ఏ లారీయో తగిలి కాలు విరిగితే బాగుండు, నెల రోజులు ఎవరూ ఫోన్ చెయ్యరు అని మాత్రం రెండు మూడుసార్లు అనిపించింది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అది చెప్పడం మంచిదయింది" అంది. ఈ మాట మా ఆవిడతో కూడా అనలేదు నేను. ముక్కూ మొహం తెలియని మనిషితో, చింతచెట్టు కింద, చీమలు కుడుతుంటే అన్నాను. అవసరమైతే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తామంది. మళ్లీ ఫోన్ ఎప్పుడు చెయ్యమంటారు అని ఆవిడ అడిగితే, "ఎప్పుడైనా సరే, సాయంత్రం ఆరు తర్వాత తప్ప" అన్నాను.

ఆరు అని ఎందుకన్నానంటే, మా బ్రాంచి గోడ మీద ఒక కాగితం ఉంది, లామినేషన్ చేయించింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనలు. అప్పు తీసుకున్న వాళ్లకి పొద్దున్న తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు కోసం ఫోన్ చెయ్యకూడదు. పదే పదే చెయ్యకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు. అలా చేస్తే అది కఠినమైన వసూలు పద్ధతి కిందికి వస్తుంది. చాలా మంచి నిబంధన. ఆ కాగితం నేనే అంటించాను. అప్పు ఇచ్చేది మేము కదా, మాకు ఎవరు ఫోన్ చెయ్యొచ్చో, ఎన్నింటిదాకా చెయ్యొచ్చో దానిలో ఎందుకుంటుంది? ఉండదు. పొద్దున్న ఆరుంపావుకి మా ఆఫీసు ఫోన్ గ్రూపులో 'ఎక్కడ ఉన్నారు, లొకేషన్ పెట్టండి' అని మొదలవుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకి కాన్‌కాల్, పైవాళ్లు మా అందర్నీ ఒకే ఫోన్ కాల్లో కూర్చోబెట్టి లెక్క అడగడం. అది ఎప్పుడు అవుతుందో దాన్ని పెట్టినవాళ్లకీ తెలియదు. నిన్నటి కాన్‌కాల్లో నా వంతు వచ్చినప్పుడు, "ఇంటి ముందు కూర్చోలేదా?" అని అడిగారు. బెదిరించకూడదని గోడ మీద, ఇంటి ముందు కూర్చోమని ఫోన్లో. మధ్యలో నేను.

చెట్టు కిందే కలెక్షన్ షీటు వెనక వారానికి ఎన్ని గంటలో వేసి చూశాను. ఆరుంపావు నుంచి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో తిండికీ పడకకీ మూడు గంటలు తీసేసినా రోజుకి పన్నెండుంపావు. ఆరు రోజులకి డెబ్బై మూడున్నర. ఇందులో ఆదివారం లెక్కలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన లెక్క ఒకటి ఫోన్లో చదివాను. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. మా బ్రాంచి మేనేజరుకి నలభై దాటలేదు, కాన్‌కాల్‌కి ముందు బీపీ మాత్ర వేసుకుంటాడు. అన్నం ముందు వేసుకోమన్నారట డాక్టరు, ఈయన తిట్లకు ముందు వేసుకుంటున్నాడు.

ఇంకొకటి కూడా చదివాను. బర్నవుట్ అంటారు కదా, దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల్లో కలపలేదు. 2019లో ఆమోదించిన వర్గీకరణలో, ఉద్యోగం దగ్గర ఒత్తిడిని ఎవరూ సరిచెయ్యకుండా వదిలేస్తే వచ్చే స్థితి అని రాశారు. లక్షణాలు మూడు. ఒంట్లో సత్తువ పోవడం. చేస్తున్న పని మీద విరక్తి పుట్టి దూరం జరగడం. ఎంత చేసినా ఏమీ చెయ్యలేకపోతున్నామనిపించడం. మొదటిది, మూడోది నాకు తెలిసినవే. రెండోదాని దగ్గర ఆగిపోయాను. పొద్దుటి 'థర్టీ ప్లస్' అదే కదా. నా నోరు చెడ్డదైపోయిందనుకున్నాను ఇంతసేపూ. అది అరిగిపోయిన మనిషి నోరు. అయినా ఆవిడకి క్షమాపణ బాకీ ఉంది. దానికో పేరు దొరికిందని బాకీ మాఫీ అవదు.

మా కంపెనీ ఏమీ చెయ్యలేదనను. పోయిన నెల ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని ఆన్‌లైన్ క్లాసు పెట్టించారు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి. హాజరు తప్పనిసరి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. శ్వాస లోపలికి తీసుకోండి, నాలుగు అంకెలు లెక్కపెట్టండి అంటోంది క్లాసు చెప్పే ఆవిడ. సగం శ్వాసలో ఉండగా ఏరియా మేనేజరు ఫోను, నువ్వింకా స్క్రీన్‌షాట్ పెట్టలేదేం అని. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పని పరిస్థితులు మార్చమనీ, మేనేజర్లకి శిక్షణ ఇమ్మనీ కూడా ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి శ్వాస ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ఆరింటికి మెంబర్లకి ఫోన్లు ఆపేశాను. ఎనిమిదిన్నరకి కాన్‌కాల్. నా వంతు రాగానే డిమాండ్, కలెక్షన్ చెప్పి, "రానివాళ్లలో ఒకావిడ జీడి పనికి వెళ్లింది, కూలి డబ్బు శుక్రవారం వస్తుంది" అని పేరుతో చెప్పాను. "పేర్లెందుకు, బకెట్ చెప్పు" అన్నారు. బకెట్ అంటే గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ లెక్క. చెప్పాను. ఏం చేస్తాను.

అది అయ్యేసరికి తొమ్మిదిం ముప్పావు. మా పాప పడుకుంది. అన్నం ముందు కూర్చున్నాక మళ్లీ ఫోను గుర్రుమంది. ఈసారి నిజంగానే. తెలియని నంబరు.

"అన్నా, నేను."

కుర్రాడు. కొత్త సిమ్ము తీసుకున్నాడట. పాతదాన్ని రెండు ముక్కలు చేశానని చెప్పాడు. నేను ఆఫీసు మెయిల్ గురించి చెప్పబోతే, "తెలుసన్నా. ఇవాళ పొద్దున్న పదింటిదాకా పడుకున్నాను. అమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట" అని నవ్వాడు. వాడు నవ్వడం ఈ ఏడాదిలో నాకు గుర్తులేదు. వాడి సామాను పైన గదిలో ఉండిపోయింది, గుణుపురం బస్సుకి వేస్తావా అని అడిగాడు.

వెళ్లి తెచ్చాను. బ్రాంచి తాళం ఒకటి నా దగ్గర ఉంటుంది. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, రాయగడ మజ్జిగౌరమ్మ పటం, సగం వాడిన కొబ్బరినూనె సీసా. దిండు కింద గ్యాస్ మాత్రల పట్టీలు మూడు, రెండు ఖాళీ. నాదీ అదే మాత్ర. ఒకే బ్రాంచిలో, ఒకే బల్ల మీద, ఏడాదిగా ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మింగుతున్నాం. మేకుకి కంపెనీ బ్యాగు వేలాడుతోంది, కొత్తదే, జిప్పు గట్టిది. సామాను దానిలో పెట్టి పంపనా అని ఫోన్ చేశాను.

"గోనెసంచిలో కట్టెయ్యన్నా" అన్నాడు. "అది మాత్రం వద్దు."

కట్టేశాను. ఇప్పుడు గుమ్మం పక్కన ఉంది. పొద్దున్న బస్టాండుకి వెళ్లి బస్సుకి వేసి, అటునుంచి అటే సెంటరుకి. టైము పదకొండుంపావు. ఫోను టీవీ పక్కన పెట్టొచ్చాను, బోర్లా.