చెప్పినట్టే వ్యాను వస్తా ఉంది

ఇవాళంతా తోతాపురి మామిడి లోడ్లే లోడ్లు, గేటు బయట దాకా ట్రాక్టర్లు. చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీ అంటే సీజన్లో ఇంతే. హాజరు, ఓవర్‌టైం (ఓటీ) లెక్కలు నేనే చూస్తాను కాబట్టి తల ఎత్తే టైం లేదు, అయినా ఒకటి రాయకుండా పడుకోబుద్ధి కావడంలా.

సీజన్ మొదట్లో మేనేజర్ సారు కటింగ్ సెక్షన్ ఆడవాళ్ళతో, రాత్రి షిఫ్ట్ దిగినాక బంగారుపాళ్యం వైపు, పూతలపట్టు వైపు వ్యాను పెడతానమ్మా, ఓటీ డబ్బులు శనివారం శనివారం ఇచ్చేస్తా అన్నారు. కాగితం ఏమీ లేదు, నోటిమాటే. ఒక్క రాత్రి కూడా వ్యాను తప్పలేదు, డ్రైవర్‌కి జ్వరమొచ్చిన రోజు సారే తన కారులో కొంతమంది కొంతమందిగా దింపొచ్చినారు. పోయిన సీజన్లో సోమవారం వస్తే లైన్ సగం ఖాళీ, ఇప్పుడు నాగా పెట్టేవాళ్ళే తక్కువ. పండు మన కోసం ఆగదు, మనుషులు రాకుంటే కుళ్ళు పెరుగుతుంది, ఏరి పారేసేదే ఎక్కువైపోతుంది. ఆదివారం కూడా వస్తారా అక్కా అని ఒకామెని అడిగితే, "సారు మాట తప్పలా, మేమెట్ల తప్పేది నైనా" అనింది.

క్రిస్ ఆర్గిరిస్ అని, ఫ్యాక్టరీల్లో మనుషులు ఎట్ల పనిచేస్తారో చదివిన అమెరికా ప్రొఫెసర్ ఒకాయన 1960లోనే ఇదే రాసినాడు, ఫోర్‌మన్ పనివాళ్ళని వాళ్ళ పద్ధతిలో చేసుకోనిచ్చి కూలి సరిగ్గా ఇప్పిస్తే వాళ్ళు ఉత్పత్తి తగ్గనీరు అని, కాగితం మీద లేని ఆ ఒప్పందానికే సైకలాజికల్ కాంట్రాక్ట్ అని పేరు. నేను ఇంతకుముందు తిరుపతిలో చేసిన చోట జీతం ఇక్కడికంటే ఎక్కువే, కానీ పెంచుతామన్న ఇంక్రిమెంట్ అడిగినప్పుడల్లా వచ్చే నెల, వచ్చే నెల. పని మానలా నేను, కాకపోతే ఆరు కొడితే బ్యాగ్ తీసుకునేవాణ్ణి, పక్కోడు సాయం అడిగినా లేవబుద్ధి అయ్యేది కాదు. మనసు ఎప్పుడో బయటికొచ్చేసింది.

ఇప్పుడు నా భయం వేరే. మధ్యాహ్నం ఒకామె సీజన్ అయినాక బోనస్ ఏమన్నా ఇస్తారా సారూ అంటే ఆయన నవ్వి "చూద్దాంలేమ్మా" అన్నారు. ఆయనకి అది ఊరికే అన్న మాట, లైన్లో అప్పుడే పిల్లల స్కూలు ఫీజుకి లెక్కలేసుకుంటా ఉన్నారు. ఈ సైకలాజికల్ కాంట్రాక్ట్ మీదే పరిశోధన చేసిన డెనీస్ రూసో అనే ఆమె 1989లో చెప్పిందీ ఇదే కదా, పనిచేసేవాళ్ళు ఏది మాటిచ్చినారని నమ్ముతారో అదే వాళ్ళకి ఒప్పందం అని. రేపు పొద్దున్నే సారు దగ్గరికి పోయి, ఇచ్చేదుంటే ఎంతో చెప్పండి, లేదంటే లేదని ఇప్పుడే వాళ్ళకి చెప్పేయండి అని అడగాల.