లూర్దులో విన్న 'మీరు'

ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్రానికి బయలుదేరినప్పుడు నా మనసంతా మరియ తల్లి దర్శనమిచ్చిన మస్సబియేల్ గుహ మీదే ఉంది. గుహ చూశాను, ఊట నీళ్లు తాగాను. యాత్రికుల చేతులు తాకి తాకి నున్నబడిన ఆ రాతిగోడను తడుముతూ నడిచాను. కానీ నా కాళ్లు కదలకుండా చేసింది మాత్రం ఊళ్లో ఒక ఇరుకు వీధిలో ఉన్న గది.

దాన్ని 'కషో' అంటారు. ఒకప్పుడు జైలు గది. ఖైదీలను ఉంచడానికి కూడా పనికిరాదని వదిలేసిన చోటు. మిల్లు పోగొట్టుకున్న సుబిరూ కుటుంబం అందులో తలదాచుకుంది. నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది, అందులో ఆరుగురు! పెద్దపిల్ల బెర్నదెత్‌కు 14 ఏళ్లు. ఉబ్బసం. చదవడం, రాయడం రాదు. 1858 ఫిబ్రవరి 11న ఆ పిల్ల గుహ వైపు వెళ్లింది ప్రార్థనకు కాదు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడానికి. మరియ తల్లి ఆమెకు ఆ పనిలోనే కనిపించింది.

మూడోసారి, ఫిబ్రవరి 18న, బెర్నదెత్ కాగితం, కలం చాపి పేరు రాసిమ్మని అడిగింది. ఆ తల్లి నవ్వి, రాయాల్సిన పని లేదంది. 'పదిహేను రోజులు ఇక్కడికి దయచేస్తారా?' అని అడిగింది. ఫ్రెంచిలో కాదు, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడుకునే యాసలో. అదీ 'మీరు' అని గౌరవించి.

ఈ మాట వినగానే నాకు మా ఆఫీసు ఊడ్చే ఆవిడ గుర్తొచ్చారు. వయసులో నాకంటే పెద్ద. 'ఇటు రా, అది తియ్యి' అనడమే తప్ప ఏనాడూ మర్యాదగా పిలవలేదు. ఆదివారం తప్పకుండా దివ్యపూజకు వెళ్లేవాణ్ణి, రోజూ జపమాల చెప్పేవాణ్ణి. అయినా అది తప్పని ఒక్కరోజూ తోచలేదు.

మర్నాడు, చేసిన పాపాలు చర్చి గురువు దగ్గర ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాను. గురువుగారికి ఇంగ్లీషులో చెప్పాలి. ఇంగ్లీషులో నువ్వైనా, మీరైనా ఒకటే మాట కదా! నా పాపమేమిటో ఆయనకు అర్థం కావడానికి ముందు మా భాష సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఓపికగా విన్నారు. ప్రాయశ్చిత్తంగా మరియ తల్లికి చెప్పే మంగళవార్త జపం ఒక్కటి, నా భాషలోనే, నెమ్మదిగా చెప్పుకోమన్నారు.

ఆ రాత్రి కొవ్వొత్తుల ప్రదక్షిణలో చక్రాల కుర్చీల్లో రోగులు ముందు సాగుతున్నారు. మిగతా అందరం వాళ్ల వెనక. అక్కడ మొదటి మర్యాద వాళ్లకే. నడుస్తూ జపం మొదలుపెట్టాను. 'ఏలినవారు మీతో ఉన్నారు, స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే...' చిన్నప్పటి నుంచీ ఆ తల్లిని 'మీరు' అనే పిలుస్తున్నాను. పుల్లలేరుకునే పిల్లను ఆమె కూడా అలాగే పిలిచిందని తెలిశాక, ఆ వాక్యం దగ్గర గొంతు పెగల్లేదు. కొవ్వొత్తి మైనం చేతి మీద పడుతున్నా కాగితం గొట్టాన్ని సరిచేసుకోవాలని కూడా అనిపించలేదు.

తిరిగొచ్చాక ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు, ఆవిడ నా బల్ల దగ్గర ఊడుస్తున్నారు. నోరు తిరగలేదు. రెండుసార్లు గొంతు సవరించుకుని, 'మీరు బాగున్నారా అమ్మా?' అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు, నేను అడుగుతున్నది ఎవరినా అని.