చివరిసారి ఎప్పుడు?

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇవాళ వచ్చిన ఏసీ అబ్బాయి అడిగిన మాట ఒకటి మనసులోంచి పోవడం లేదు.

"చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు చేయించారు మేడమ్?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. "పోయినేడాది అనుకుంటా" అన్నాను. "కాదమ్మా, అంతకు ముందేడు" అన్నారు అత్తయ్య లోపల్నించి. ముగ్గురం పెద్దవాళ్లం ఉన్నాం, ఒక్కరికీ తెలియదు.

అసలు ఆ అబ్బాయి వచ్చేలోపే నా ఓపిక అయిపోయింది. 10 నుంచి 12 మధ్య వస్తామని మెసేజ్ పెట్టారు. ఆఫీసులో సగం రోజు సెలవు అడిగి కూర్చున్నాను. పన్నెండున్నరకి ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబర్ చెప్పమన్నారు. చెప్పాను. మోడల్ నంబర్ కావాలన్నారు. అది ఏసీకి పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, స్టూలెక్కి ఫోన్ లైటు వేసి చదివాను. రెండింటికి మళ్లీ చేస్తే ఇంకొకరెవరో ఎత్తారు. మళ్లీ మొదట్నించీ అదే కథ. అదే నంబర్, అదే స్టిక్కర్. బయల్దేరారు మేడమ్, దారిలో ఉన్నారు మేడమ్. మూడు నలభైకి బెల్ మోగింది. సగం రోజు సెలవు కాస్తా పూర్తి సెలవైంది.

వచ్చాక రిమోట్ తీసుకుని ఏసీ వేశాడు. రెండు నిమిషాలు గాలికి చెయ్యి అడ్డం పెట్టి, "గ్యాస్ తగ్గింది మేడమ్, పట్టించాలి" అన్నాడు.

"ఎలా తగ్గింది బాబూ?"

"వాడేకొద్దీ తగ్గుతుంది మేడమ్."

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. రాగి పైపుల్లో మూసి ఉంటుంది. గదిలో వేడి తీసుకుని ఆవిరవుతుంది, బయట పెట్టెలోకి వెళ్లి ఆ వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది, తిరిగి లోపలికొస్తుంది. ఎన్నేళ్లు తిరిగినా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఆ లీకు వెతికి మూయకుండా గ్యాస్ పట్టించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఎంతమంది ఏటా ఇలా పట్టించుకుని డబ్బులు కడుతున్నారో!

ముందు ఫిల్టర్లు, గాలిని చల్లబరిచే లోపలి పైపుల చుట్ట, అదే కాయిలూ కడగమన్నాను. తర్వాత చూద్దామన్నాను. ఫిల్టర్ బయటికి తీస్తే జల్లెడ కనిపించలేదు. దుమ్ము దుప్పటిలా పట్టేసింది. పంపుతో కొట్టి కడిగి, డ్రైన్ పైపు ఊది, మళ్లీ బిగించి వేస్తే గాలి చల్లగా వచ్చింది. గ్యాస్ అవసరం రాలేదు.

ఇంతవరకూ రాసి, వీళ్లంతా ఇంతే, నమ్మకూడదు అని ముగిద్దామనుకున్నాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. దుమ్ము గాలిని ఆపేస్తే కాయిల్ మీద మంచు కట్టొచ్చు, చల్లదనం పడిపోతుంది. గ్యాస్ తగ్గినా అంతే జరుగుతుంది. గ్యాస్ ఒత్తిడి చూసే మీటరు పెట్టకుండా గ్యాస్ అనేయడం ఆ అబ్బాయి తప్పే. ఆ ఫిల్టర్ మాత్రం ఎవరైనా కడుక్కోగలిగింది. వాడకం ఎక్కువున్నప్పుడు రెండు వారాలకోసారి తీసి కుళాయి కింద పెడితే చాలు. కోపమంతా అతని మీదే పెట్టుకోవడం న్యాయం కాదనిపిస్తోంది.

అమ్మ అయితే ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పేది. నా పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో వరసగా రాసి పెట్టుకునేది. ఫ్రిజ్, మిక్సీ, ఫ్యాను, గీజరు, అన్నిటికీ తేదీలు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం గీజర్ విప్పించింది. "బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు విప్పించడం?" అన్నారు నాన్న. "పాడయ్యాక పిలిస్తే వాళ్లు చెప్పిందే వినాలి" అంది అమ్మ. మెకానిక్ పెద్దాయన కరెంటు ఆపేసి నీళ్లన్నీ వంపాడు. సున్నం పెళ్లల్లాంటివి గిన్నెడు రాలాయి. నీళ్లలోని సున్నం హీటరు చుట్టూ పేరుకుంటే వేడి నీళ్లకి చేరదని, కరెంటు ఎక్కువ కాలుతుందని చెప్పాడు. తర్వాత ఒక కడ్డీ తీసి నా చేతిలో పెట్టాడు. సన్నటి తీగ, దానికి అక్కడక్కడా బూడిదరంగు ముక్కలు. పక్కన కొత్తది పెట్టాడు, నా బొటనవేలంత లావుంది. మెగ్నీషియం కడ్డీ అట. ట్యాంకు ఇనుముని తినాల్సిన తుప్పు ముందు దీన్ని తింటుందట. అది ఉన్నంతకాలం ట్యాంకుకి ఏమీ కాదట. నేను ఆ తీగని చాలా రోజులు పెన్సిల్ డబ్బాలో దాచుకున్నాను. అమ్మ పుస్తకంలో "కడ్డీ మార్చారు" అని రాసి, మళ్లీ ఎప్పుడు చూపించాలో కూడా పక్కనే రాసుకుంది.

ఏసీకి ఏడాది సర్వీసింగ్ కాంట్రాక్టు కట్టేస్తే తేదీల గొడవ ఉండదు కదా అని సాయంత్రం అనుకున్నాను. ఆ అబ్బాయి ఫారం కూడా ఇచ్చి వెళ్లాడు. కానీ పోయినసారి కట్టినప్పుడు ఫోన్ వచ్చింది రెన్యువల్‌కే, సర్వీసింగ్‌కి కాదు. వద్దు.

పాప చాలా రోజుల తర్వాత దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోతోంది.

నేను కొత్త నోట్‌బుక్ తీశాను. ఏసీ అని రాసి పక్కన ఇవాళ్టి తేదీ వేశాను. ఫ్రిజ్ తలుపు రబ్బరు గట్టిగా పట్టుకుంటోందా అని సందులో కాగితం పెట్టి లాగి చూశాను. పైన గట్టిగానే పట్టింది, కింద మాత్రం జారిపోయింది. రబ్బరు తుడిచి చూడాలి, కాకపోతే మార్పించాలి, రాశాను. వాషింగ్ మెషీన్ కింద చిన్న మూత తీస్తే ఫిల్టర్‌లో రెండు పిన్నీసులు, ఒక గుండీ, బోలెడు వెంట్రుకలు. కడిగి పెట్టి, అదీ రాశాను. వాటర్ ఫిల్టర్‌కి మెంబ్రేన్, అంటే నీళ్లు వడకట్టే పొర, మార్చిన తేదీ స్టిక్కర్ మీదే ఉంది.

గీజర్ దగ్గర ఆగిపోయాను. ఇది కొన్నాక ఒక్కసారి కూడా విప్పించలేదు. ఎప్పుడు కొన్నామో ఆయన్ని అడగాలి. పడుకున్నారు.